ఏ చట్టం, ఏ సెక్షను, కాగితమేది? హక్కుల గురించి గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

కాలువ గట్టు మీద ఇల్లు, గ్యాస్ పైపులైను పోయే కొబ్బరి తోట, లంక రేవులో పడవ, పోలీసు స్టేషన్ నుంచి వచ్చే ఫోను. డెల్టా మండలాల్లో ప్రభుత్వం మనకు ఎదురుపడేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. అందుకే ప్రశ్నలూ వాటి చుట్టూనే ఉన్నాయి. క్రిమినల్ విషయాల్లో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్లు ఇచ్చాం. జనం నోళ్లలో నలిగిన పాత సీఆర్‌పీసీ నంబర్లను అవసరమైన చోట పక్కనే పెట్టాం.

ప్రాథమిక హక్కులు ప్రభుత్వం ఇచ్చినవే కదా, వెనక్కి తీసుకుంటే ఎవరు ఆపుతారు?

ప్రభుత్వం ఇవ్వలేదు. రాజ్యాంగం ఇచ్చింది. ప్రభుత్వాన్ని పుట్టించిందీ అదే. మూడో భాగంలోని హక్కులకు అడ్డుతగిలే చట్టం, అడ్డుతగిలిన మేరకు చెల్లదని 13వ అధికరణం చెబుతుంది. అక్కడ చట్టం అంటే అసెంబ్లీ పాస్ చేసినదొక్కటే అనుకోవద్దు. నియమం, నోటిఫికేషను, ఉత్తర్వు, బైలా కూడా అందులోకే వస్తాయి.

ఊళ్లో దీని అర్థం ఏమిటంటే, తహసీల్దారుకైనా ఎస్సైకైనా ఉన్న ప్రతి అధికారం ఏదో ఒక చట్టంలోంచి రావాలి. అది చూపించాల్సిన బాధ్యత ఆయనది. "ఇక్కడ ఉండటానికి నీకేం హక్కుంది" అని ఆయన అడిగితే, "నన్ను తీసేసే అధికారం మీకు ఏ సెక్షన్ ఇచ్చిందండీ" అని మీరు అడగొచ్చు. అందులో అమర్యాద ఏమీ లేదు.

"ప్రభుత్వం" కిందికి ఎవరెవరు వస్తారు?

12వ అధికరణం ప్రకారం కేంద్రం, రాష్ట్రం, శాసనసభలు, పంచాయతీలు, మున్సిపాలిటీలు, ఇంకా "ఇతర అధికార సంస్థలు" వస్తాయి. ఇరిగేషన్ ఏఈ, వీఆర్వో, పంచాయతీ కార్యదర్శి అందరూ ఇందులోనే. కోనసీమ వాళ్లకు బాగా పనికొచ్చే సంగతి ఇంకొకటుంది: ఓఎన్‌జీసీ కూడా ప్రభుత్వం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. "మేం కంపెనీవాళ్లం, రాజ్యాంగం మాకు వర్తించదు" అనే మాట దాని దగ్గర నడవదు.

పక్క రైతు, రొయ్యల ఫ్యాక్టరీ యజమాని, అపార్టుమెంటు సంఘం మాత్రం ప్రభుత్వం కాదు. వాళ్ల మీద సివిల్ దావానో పోలీసు ఫిర్యాదో దారి. అయితే కొన్ని హక్కులు ప్రైవేటు వ్యక్తుల మీదా పనిచేస్తాయి. అంటరానితనం నిషేధం (17), వెట్టిచాకిరీ నిషేధం (23), దుకాణాల్లోకి, హోటళ్లలోకి, ప్రభుత్వ సొమ్ముతో నడిచే లేదా జనం వాడకానికి వదిలిన బావులు, స్నానఘట్టాల దగ్గరికి కులం పేరుతో రానివ్వకపోవడం (15లోని రెండో క్లాజు) అలాంటివి.

అధికారి ఇంటి ముందుకొచ్చి "రేపు తీసేస్తాం" అన్నారు. మొదట ఏం చెయ్యాలి?

వాదన పెట్టుకోవద్దు. నాలుగు సంగతులు అడిగి రాసుకోండి: పేరు, హోదా, ఏ చట్టం, ఏ సెక్షన్, రాతపూర్వక ఉత్తర్వు ఉందా, దాని నంబరు, తేదీ, జవాబు చెప్పడానికి గడువు ఎంత. నోటీసు ఇస్తే తీసుకోండి. తీసుకోకపోతే పీడ పోతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అలా చేస్తే గోడకు అంటించి, ఇద్దరు సాక్షులతో పంచనామా రాసి "నోటీసు ఇచ్చాం" అంటారు. గడువు ఆ రోజు నుంచే పరుగెడుతుంది, మీ చేతిలో మాత్రం కాగితం ఉండదు. సంతకం పెట్టేటప్పుడు "ఫలానా తేదీన, ఫలానా గంటకు అందింది" అని మీ చేత్తో రాయండి. ఖాళీ కాగితం మీద, అంగీకార పత్రం మీద సంతకం చెయ్యక్కర్లేదు.

ఆ సాయంత్రమే ఒక పేజీ వినతిపత్రం రాసి, ఆఫీసు ఇన్‌వార్డులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యం అని వాళ్లంటే స్పీడ్ పోస్టులో పంపండి. రేపు హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే "మేం అడిగాం, వాళ్లు వినలేదు" అని చూపించే కాగితం ఇదే.

కాలువ గట్టు మీద ముప్పై ఏళ్లుగా ఉంటున్నాం. ఇంటిపన్ను, కరెంటు బిల్లు మా పేరునే ఉన్నాయి. తీసేయొచ్చా?

ఈ ప్రాంతం నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే తీసేయొచ్చు. కానీ రాత్రికి రాత్రి కాదు, చెప్పకుండా కాదు.

ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, ఆధార్ ఇవన్నీ మీరు అక్కడ ఉంటున్నారని చెబుతాయి. స్థలం మీదని చెప్పవు. కాలువ గట్టు, డ్రెయిను పోరంబోకు ప్రభుత్వానివి. అలాంటి ఉమ్మడి స్థలాల ఆక్రమణలను క్రమబద్ధం చెయ్యడాన్ని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగానే తప్పుపట్టింది. పట్టా ఇప్పిస్తామని డబ్బు తీసుకునేవాళ్లను నమ్మకండి.

ఇక మీ వైపు ఉన్నది. బతుకుతెరువు కూడా 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు చెప్పారు. అదే తీర్పు పేవ్‌మెంటు మీద శాశ్వతంగా ఉండే హక్కు లేదనీ చెప్పింది. తీసేసే పద్ధతి న్యాయంగా ఉండాలంది. మన దగ్గర ఆ పద్ధతి 1905 నాటి భూ ఆక్రమణ చట్టంలో ఉంది. ఏడో సెక్షన్ కింద ముందు "ఎందుకు తీసేయకూడదో చెప్పండి" అని నోటీసు రావాలి. మీ జవాబు చూసి, ఉత్తర్వు రాసి, ఆ తర్వాతే ఆరో సెక్షన్ కింద "ఖాళీ చెయ్యండి" అనే నోటీసు. రెండూ వేరు. చాలా కేసుల్లో మొదటిది లేకుండా రెండోది వస్తుంది, కోర్టులో పట్టు దొరికేది అక్కడే. ఉత్తర్వు మీద అప్పీలు కూడా ఉంది.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతల మీద ఇచ్చిన ఆదేశాల గురించి అందరూ అడుగుతున్నారు. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, జవాబుకు 15 రోజులు, స్వయంగా విని కారణాలతో ఉత్తర్వు, ఆ తర్వాత ఇంకో 15 రోజుల ఆగుదల, కూల్చేటప్పుడు వీడియో. పద్ధతి తప్పిన అధికారి తన జేబులోంచి కట్టాల్సి రావచ్చు. బాగానే ఉంది. కానీ అదే తీర్పులో మినహాయింపులున్నాయి: రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క స్థలం, నది, నీటి వనరులు. గట్టు మీది ఇంటికి ఆ 15 రోజుల లెక్క పట్టుకుని కూర్చుంటే అవతలి వకీలు ఈ మినహాయింపే చదువుతారు. గట్టు వాళ్లు ఆధారపడాల్సింది ఏడో సెక్షన్ నోటీసు మీద.

మీ ఇల్లు నిజంగా గట్టు పరిధిలో ఉందా అన్నది విడి ప్రశ్న. హద్దు గొడవ అయితే సర్వే కోసం డబ్బు కట్టి దరఖాస్తు చేసి, గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు తీసుకోండి. గట్టు వెడల్పు కాగితం మీద ఒకటి, నేల మీద ఒకటి ఉన్న చోట్లు డెల్టాలో తక్కువేం కావు.

రోడ్డుకో బైపాస్‌కో పొలం పోతోంది. ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాదట కదా?

కాదు, 44వ సవరణతో 1979 నుంచి పోయింది. కానీ 300ఏ అధికరణం మిగిలింది: చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోకూడదు. 2024లో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడదీసి చెప్పింది. నోటీసు, అభ్యంతరం వినడం, కారణాలతో నిర్ణయం, ప్రజాప్రయోజనం, న్యాయమైన పరిహారం, వేళకు పని పూర్తిచెయ్యడం, చివరికి భూమి ప్రభుత్వానికి దఖలుపడటం, ఇవన్నీ ఆ హక్కులో భాగాలే.

2013 భూసేకరణ చట్టంలో గుర్తుంచుకోవాల్సిన తేదీలు ఇవి. 11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత 15వ సెక్షన్ కింద అభ్యంతరాలకు 60 రోజులు. 19వ సెక్షన్ డిక్లరేషన్ 12 నెలల్లో రావాలి, ఆ తర్వాత 12 నెలల్లో అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు). లెక్కగట్టిన పరిహారం మీద నూటికి నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే ఓదార్పు మొత్తం), దాంతోపాటు మార్కెట్ విలువ మీద ఏటా 12 శాతం చొప్పున అదనపు మొత్తం. కొబ్బరి చెట్లు, బోరు, షెడ్డు విలువ వేరుగా కట్టాలి, పైరు నష్టం కూడా వేరే. పరిహారం చేతికివ్వకుండా స్వాధీనం చేసుకోకూడదు.

ఈ వ్యవహారం రెండు చోట్ల చెడుతుంది. ఒకటి, విలువ. చుట్టుపక్కల గత మూడేళ్ల రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం తీసి సగటు కడతారు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని ఊరంతా ఎకరం అసలు ధరలో మూడో వంతుకే రాయించుకుంటే సగటు కూడా అక్కడే ఉంటుంది. రెండోది, డబ్బు తీసుకునే తీరు. రేటు చాలదనుకుంటే చెక్కు తీసుకునేటప్పుడు "నిరసనతో తీసుకుంటున్నాను" అని రాతపూర్వకంగా పెట్టాలి. ఆ మాట లేకుండా తీసుకుంటే 77వ సెక్షన్ ప్రకారం 64 కింద పరిహారం పెంచమని అడిగే దారి మూసుకుపోతుంది. 64 దరఖాస్తుకు అవార్డు సమయంలో అక్కడే ఉంటే ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు లేదా అవార్డు నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది.

మాది డి-పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన) భూమి. "ప్రభుత్వం ఇచ్చింది, ప్రభుత్వం తీసుకుంటుంది, పరిహారం లేదు" అంటున్నారు.

తప్పు. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి వెనక్కి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. మీరు పట్టా షరతులు మీరారని చెప్పి రద్దు చెయ్యడం వేరు సంగతి. దానికీ ముందు నోటీసు, విచారణ ఉండాలి. డి-పట్టా నకలు, అడంగల్, 1బీ దగ్గర పెట్టుకోండి.

తోటలోంచి గ్యాస్ పైపులైను వేస్తామంటున్నారు. భూమి పోతుందా?

పోదు. 1962 పైపులైన్ల చట్టం కింద వాళ్లకు వచ్చేది వాడుకునే హక్కు మాత్రమే, భూమి మీ పేరునే ఉంటుంది. మూడో సెక్షన్ కింద గెజిట్ నోటిఫికేషన్ వచ్చిన తేదీ నుంచి 21 రోజుల్లో అయిదో సెక్షన్ కింద అభ్యంతరం పెట్టాలి. మీ చేతికి కాగితం వచ్చిన రోజు నుంచి లెక్క అనుకుని చాలామంది గడువు దాటించేస్తారు. సర్వే వాళ్లు రాళ్లు పాతిన రోజే సంబంధిత అధికారి పేరు, నోటిఫికేషన్ తేదీ అడగండి.

"భూమి మీదే" అన్న మాట వినడానికి బాగుంటుంది కానీ తొమ్మిదో సెక్షన్ కూడా చదవాలి. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెరువు గాని బావి గాని తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి వేసుకోవచ్చు. అంటే కొబ్బరి తోట మధ్యలో పట్టీ పడితే ఆ మేరకు తోట ఇక తోట కాదు. రేపు చేపల చెరువుగా మార్చుకుందామన్నా కుదరదు. నష్టపరిహారంతో పాటు వాడుక హక్కుకు మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. ఆ విలువ మూడో సెక్షన్ నోటిఫికేషన్ తేదీ నాటిది. నరికిన చెట్ల సంఖ్య, వయసు, కాపు పంచనామాలో సరిగా రాశారో లేదో మీరే దగ్గరుండి చూడండి. చెట్టు పడ్డాక లెక్క తేలదు. మొత్తం చాలకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు.

అభ్యంతరంలో "మాకు ఇష్టం లేదు" అని రాస్తే పక్కన పడేస్తారు. పక్కన పుంత ఉంది, దాని వెంట వెయ్యొచ్చు. ఇళ్లకు ఇంత దూరంలోనే ఉంది. ఈ చోట మురుగు కాలువ దాటాలి అని కొలతలతో రాయండి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన తర్వాత భద్రత గురించి అడగడానికి కోనసీమలో ఎవరూ మొహమాటపడాల్సిన పని లేదు.

వరద టైములో అధికారులు నా పడవ తీసుకెళ్లారు. అద్దె ఎవరిస్తారు?

విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 65వ సెక్షన్ కింద పడవ, వాహనం, భవనం తీసుకోవచ్చు. అయితే రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. హడావుడిలో అది ఇవ్వకపోతే పడవ ఫొటో, తీసుకెళ్లిన వాళ్ల పేర్లు, తేదీ, గంట రాసి మర్నాడే తహసీల్దారుకు ఇవ్వండి. 66వ సెక్షన్ కింద పరిహారం రావాలి. ఇచ్చింది చాలదంటే 30 రోజుల్లో ఆర్బిట్రేటరుకు పంపమని అడగొచ్చు. వరదకు లంక ఖాళీ చేయించినంత మాత్రాన మీ ఇంటి మీద హక్కు పోదు. నీరు తీశాక తిరిగి రానివ్వకపోతే దానికి వేరే చట్టం చూపించాలి.

స్టేషన్ నుంచి ఫోన్ చేసి "ఒకసారి వచ్చి వెళ్లు" అంటున్నారు. వెళ్లాలా?

ఫోన్ పిలుపు నోటీసు కాదు. సాక్షిగా కావాలంటే 179వ సెక్షన్ (పాత 160) కింద రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు, 60 ఏళ్ల పైబడిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను ఇంటి దగ్గరే అడగాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు. సాక్షి వాంగ్మూలం పోలీసులు రాసుకుంటే దాని మీద మీ సంతకం అక్కర్లేదు, 181వ సెక్షన్ చెప్పేది అదే.

నిందితుడిగా పిలిస్తే 35లోని మూడో సబ్ సెక్షన్ (పాత 41ఏ) నోటీసు రావాలి. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నోటీసు వస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి. చెప్పిన రోజు హాజరైతే మామూలుగా అరెస్టు చెయ్యకూడదు. ఎగ్గొడితే ఆ రక్షణ మీరే వదులుకున్నట్టు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో కారణం రాయకుండా అరెస్టు చెయ్యొద్దని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో చెప్పారు. మన స్టేషన్లలో నమోదయ్యే కొట్లాట, గట్టు తగాదా కేసులు చాలా వరకు ఈ కోవలోవే.

అరెస్టు చేస్తే?

22వ అధికరణం మూడు సంగతులు చెబుతుంది: కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ప్రయాణ సమయం ఆ 24 గంటల్లోకి రాదు. కానీ మలికిపురం నుంచి రాజోలు కోర్టుకు ప్రయాణం ఎంతో అందరికీ తెలుసు. కారణాలు నోటిమాటగా చెప్పి ఊరుకుంటే చాలదని 2023 నుంచి సుప్రీంకోర్టు వరుసగా చెబుతూ వస్తోంది. పంకజ్ బన్సల్, ప్రబీర్ పుర్కాయస్థ తీర్పులు చూడండి. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో కారణాలు తెలపకపోతే అరెస్టే చెల్లదన్నారు. బంధువుకో స్నేహితుడికో కబురు చెయ్యడం 48వ సెక్షన్ కింద పోలీసుల పని. ఆడవాళ్లను పొద్దుగుంకిన తర్వాత, తెల్లవారక ముందు అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

ఈ గడువుకు కన్నం పడేది ఒకచోటే. ముందురోజు సాయంత్రం తీసుకెళ్లి, కాగితం మీద మర్నాడు మధ్యాహ్నం అరెస్టు చూపిస్తారు. దీనికి విరుగుడు ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది. తీసుకెళ్లిన అరగంటలోనే జిల్లా ఎస్పీకి ఈమెయిల్ గానీ వాట్సాప్ గానీ పంపండి: "ఫలానా గంటకు, ఫలానా చోటు నుంచి, ఫలానా స్టేషన్ వాళ్లు తీసుకెళ్లారు." టైము దానంతటదే నమోదవుతుంది. స్టేషన్లలో సీసీటీవీ ఉండాలని, ఆ రికార్డు దాచి ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రోజు ఫుటేజీ భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగండి. దెబ్బలుంటే రిమాండు సమయంలో మేజిస్ట్రేటుకు నోరు తెరిచి చెప్పాలి. భయపడి "ఏం లేదండీ" అంటే ఆ మాటే రికార్డవుతుంది, తర్వాత ఎన్ని చెప్పినా దాన్ని దాటడం కష్టం.

రౌడీషీట్ ఉందని అర్ధరాత్రి వచ్చి తలుపు కొడుతున్నారు.

నిఘా పేరుతో రాత్రిపూట ఇళ్లకు వెళ్లడం చెల్లదని 1962లోనే ఖరక్ సింగ్ కేసులో చెప్పారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చాక ఈ వాదన ఇంకా బలపడింది. పోలీసులు సాధారణంగా చూపించేది పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లు, అంటే శాఖ లోపలి ఆదేశాలు. కేసులన్నీ కొట్టేసినా షీట్ తియ్యకపోతే, తీర్పు నకళ్లు జతచేసి ఎస్పీకి వినతిపత్రం ఇచ్చి, జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ వెయ్యండి.

రోడ్డు మీద ఆపి ఫోన్ ఇవ్వమంటే?

లైసెన్సు, బండి కాగితాలు అడగొచ్చు. ఫోన్ తెరిచి వాట్సాప్ చదవడం వేరు. దర్యాప్తులో ఫోన్ కావాలంటే స్వాధీనం చేసుకున్నట్టు పంచనామా రాయాలి, 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తియ్యాలి. జాబితా నకలు అడగండి. అంతవరకు మర్యాదగా "ఏ కేసులోనండీ?" అని అడగడం చాలు. లాక్కునే పెనుగులాటకు దిగితే విధులకు ఆటంకం కేసు తయారవుతుంది.

144 పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. ఇవి దేనికి లోబడి ఉంటాయి?

పాత 144 ఇప్పుడు 163. ఉత్తర్వు రాతలో ఉండాలి, ఎందుకో రాయాలి, రెండు నెలలకు మించకూడదు. ప్రభుత్వం పొడిగిస్తే ఇంకో ఆరు నెలలు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాక పెట్టిన 144కు కారణం వెతకనక్కర్లేదు, కళ్ల ముందే ఉంది. కానీ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగింది. గొడవతో సంబంధం లేని మండలాల్లో కూడా యూపీఐ పనిచెయ్యక, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు సిగ్నల్ కోసం గోదావరి దాటి వెళ్లాల్సి వచ్చింది. కోర్టు అడిగేది సరిగ్గా ఇదే: ఎంత అవసరమో అంతే చేశారా, ఎంత ప్రాంతంలో అవసరమో అంతలోనే చేశారా? 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులు ప్రచురించాలని, వేరే దారి లేనప్పుడే ఆపాలని, నిరవధికంగా ఆపకూడదని, న్యాయమైన నిరసనను నొక్కడానికి 144 వాడకూడదని చెప్పారు. ఇప్పటి 2024 నియమాల ప్రకారం ఒక ఉత్తర్వు 15 రోజులకు మించకూడదు.

నెలల తరబడి నడిచే "సెక్షన్ 30" వేరు. అది 1861 పోలీసు చట్టంలోది, ఊరేగింపులను క్రమబద్ధం చెయ్యడానికి ఉన్నది. పూర్తిగా నిషేధించడానికి కాదు. రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేసిన 2023 జనవరి 2 నాటి జీవో నంబర్ 1ని అదే ఏడాది మేలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. ధర్నాకు అనుమతి అడిగేటప్పుడు చోటు, టైము, జనం సంఖ్య, ట్రాఫిక్ పోయే దారి, బాధ్యుల పేర్లు రాసి ముందుగా ఇవ్వండి. చివరి సాయంత్రం ఇస్తే తిరస్కరణను సవాలు చేసే వ్యవధి ఉండదు, వాళ్లకూ ఆ సంగతి తెలుసు.

వాట్సాప్ గ్రూపులో ప్రభుత్వాన్ని తిట్టినందుకు కేసా?

ఐటీ చట్టం 66ఏని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎఫ్‌ఐఆర్‌లో అది కనబడితే మీ వకీలుకు ముందు అదే చూపించండి. విమర్శ నేరం కాదు. బెదిరింపు, కులం పేరుతో దూషణ, అల్లర్లకు రెచ్చగొట్టడం 19వ అధికరణం రెండో క్లాజు కింద ఆపదగినవే.

కోడిపందెం మా సంస్కృతి. అది హక్కు కాదా?

కాదు. 1960 జంతుహింస నిరోధక చట్టం, 1974 జూద నిరోధక చట్టం రెండూ అడ్డు. జల్లికట్టు నిలిచింది తమిళనాడు చట్టాన్ని సవరించుకోబట్టి. 2023లో కోర్టు సమర్థించింది ఆ సవరణనే. ప్రతి సంక్రాంతికీ బరులు మామూలుగా వెలుస్తూనే ఉంటాయి గానీ, నడుస్తున్నంత మాత్రాన హక్కు కాదు.

పక్క రొయ్యల చెరువుల ఉప్పునీటికి మా మంచినీళ్లు, వరిచేలు పాడయ్యాయి. ఎవరి మీద వెళ్లాలి?

చెరువు యజమాని మీద ప్రాథమిక హక్కు చూపలేరు. చూసీ చూడనట్టున్న అధికారుల మీద చూపొచ్చు, ఎందుకంటే మంచినీరు 21లో భాగం. ముందు చెరువుకు అనుమతి ఉందో లేదో సమాచార హక్కు కింద రాబట్టండి. నీటి పరీక్ష చేయించండి. "ఉప్పగా ఉన్నాయి" అంటే చాలదు, ల్యాబ్ రిపోర్టులో అంకె ఉండాలి. కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇచ్చి, కదలకపోతే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్లొచ్చు. వివాదం మొదలైన ఆరు నెలల్లో వెయ్యాలి, ఇంకో 60 రోజుల ఆలస్యాన్ని మాత్రమే మన్నిస్తారు.

సమాచార హక్కు దరఖాస్తులో ఏం అడగాలి?

"ఎందుకు చేశారు" అని అడగొద్దు, జవాబు రాదు. కాగితం అడగండి: నోటీసు నకలు, అందినట్టు రసీదు, పంచనామా, సర్వే స్కెచ్, ఫైలు నోట్స్. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించింది అయితే 48 గంటలు. రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కు రెండోది.

రిట్ పిటిషన్ అంటే అసలు ఏం చెయ్యాలి?

226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టులో వేస్తారు. 32 కింద నేరుగా సుప్రీంకోర్టుకూ వెళ్లొచ్చు గానీ, ముందు హైకోర్టుకు వెళ్లమనే ఎక్కువగా అంటారు. వకీలు దగ్గరికి పట్టుకెళ్లాల్సినవి: నోటీసు, మీరిచ్చిన వినతిపత్రం ముద్రతో, భూమి కాగితాలు, ఫొటోలు, తేదీల వరుస ఒక పేజీలో. అఫిడవిట్, వకాలత్ మీద సంతకం. రేపు పొద్దున్నే పొక్లెయిన్ వస్తుందంటే లంచ్ మోషన్ (ఆ రోజే మధ్యాహ్నం వినమని కోరడం) అడుగుతారు. సెలవైతే హౌస్ మోషన్ (న్యాయమూర్తి ఇంటి దగ్గర వినమని కోరడం). మొదట వచ్చేది సాధారణంగా తుది తీర్పు కాదు, యథాతథ స్థితి ఉత్తర్వు.

రిట్లు పోయే కారణాలు కొన్ని ఎప్పుడూ అవే. హద్దు ఎవరిదన్న గొడవ తెస్తారు. సాక్ష్యం కావాల్సిన విషయం రిట్‌లో తేల్చరు, సివిల్ కోర్టుకు పొమ్మంటారు. అక్కడ ప్రభుత్వం మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి, అత్యవసరమైతే కోర్టు అనుమతితో మినహాయింపు. అప్పీలు ఉండగా నేరుగా వస్తే వెనక్కి పంపుతారు. నోటీసే ఇవ్వలేదు, అధికారమే లేదు, ప్రాథమిక హక్కు పోయింది అన్నప్పుడు మాత్రం వింటారు. ఏడాది రెండేళ్లు ఊరుకుని వస్తే ఆలస్యమే అడ్డం. అన్నిటికన్నా చేటు చేసేది వాస్తవం దాచడం. ముందు నోటీసు అందుకుని "ఏమీ రాలేదు" అని ప్రమాణం చేస్తే, అవతలివాళ్లు రసీదు చూపించిన మరుక్షణం కేసు పోతుంది.

వకీలుకు డబ్బు లేదు.

1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతైనా ఉచితం. ఆ జాబితాలో వరద బాధితులు కూడా ఉన్నారు. లంకల వాళ్లలో చాలామందికి ఇది తెలియదు. మండల కోర్టులో న్యాయసేవల కమిటీ ఉంటుంది, జిల్లా సంస్థలు రాజమహేంద్రవరం, ఏలూరు కోర్టుల్లో ఉన్నాయి. ఫోన్ నంబరు 15100.

ఎమర్జెన్సీ పెడితే, రాజ్యాంగాన్నే మార్చేస్తే ఇవన్నీ పోవా?

1976లో ప్రాణహక్కు కోసం కూడా కోర్టుకు రాలేరని సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. తర్వాత 44వ సవరణ ఆ దారి మూసింది: 20, 21 అధికరణాలను ఎమర్జెన్సీలోనూ నిలిపివేయలేరు. సవరణల సంగతికి వస్తే, మౌలిక స్వరూపం జోలికి పోకూడదని 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మందిలో ఏడుగురు చెప్పారు. ఒక్క ఓటు తేడా.

హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది, ఆఫీసులో ఖాతరు చెయ్యడం లేదు.

ముందు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఒక కవరింగ్ లెటరుతో ఆ అధికారికే పేరుతో, హోదాతో అందజేసి ముద్ర వేయించుకోండి. "నాకు ఉత్తర్వు అందలేదు" అన్నది మొదటి సాకు. ఉత్తర్వులో గడువు ఉంటే అది దాటాక, లేకపోతే సహేతుకమైన వ్యవధి చూసి, కోర్టు ధిక్కార పిటిషన్ వెయ్యాలి. ధిక్కారం జరిగిన తేదీ నుంచి ఏడాది లోపు వెయ్యాలి, ఆ తర్వాత తీసుకోరు. ఈలోగా అధికారి బదిలీ అయితే కొత్తగా వచ్చినవారికి కూడా కాపీ మళ్లీ ఇవ్వండి, లేకపోతే ఆయనదీ అదే సాకు.